ఉదాహరణలో మన వాడ ఏది?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం. పడమటి మండలాల ఈ మూడు ఊళ్లలో కంప్యూటరు చదువు లేని కాలేజీని ఇప్పుడు వెతుక్కోవాల్సిందే. హాస్టల్లో ఉండి, స్కాలర్‌షిప్పు మీద, ఫీజు రీయింబర్స్‌మెంటు మీద మన మాల మాదిగ పిలకాయలు ఈ చదువులో చేరుతున్నారు. టమాటా తోటల్లో కూలికి పోయే అమ్మానాయిన్ల బిడ్డలు వీళ్లు. ఇంట్లో డిగ్రీ చూసిన మొదటి మనుషులు. చేరేదాకా గెలిచినాం. అది చిన్న గెలుపు కాదు, దాని వెనక మన పెద్దల పోరాటముంది.

కానీ చేరినోళ్లలో ఎంతమంది ఆ చదువును తమదనుకుంటున్నారు? మొదటి నెల దాటకముందే వెనక బెంచీలోకి జరిగి, "ఇది మనకి రాదులేన్నా" అనే పిలకాయలు ప్రతి వాడలోనూ ఉండారు. ఎందుకు రాదని అడిగితే అగ్రకులపోళ్లు మెరిట్ లేదంటారు. మనోళ్లు ఇంగ్లీషు లేదంటారు. మొదటిది పచ్చి అబద్ధం. రెండోది సగం నిజం. మిగిలిన సగాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అది పాఠంలో వాడే ఉదాహరణ. ఈ సంపాదకీయం దాని గురించే.

ప్రోగ్రాం అంటే బ్రహ్మవిద్య కాదు. యంత్రానికి పనిని వరస తప్పకుండా చెప్పడం, అంతే. "ఎసరు కాగితే పిండి పొయ్యి, కాగకుంటే ఇంకొంచేపు ఆగు" అనేది ఒక షరతు. దాన్నే కంప్యూటరు భాషలో ఇఫ్, ఎల్స్ అంటారు. "కయ్య అయిపోయేదాకా నారు నాటుకుంటా పో" అనేది మళ్లీ మళ్లీ చేసే పని. దాన్ని లూపు అంటారు. సంగటి గెలికే మన అమ్మలు, నాట్లేసే మన అక్కలు ఈ లెక్కతోనే బతుకుతున్నారు. బుద్ధి మనకు కొత్త కాదు. దాన్ని రాసే తీరు మాత్రమే కొత్త. ఈ ముక్క మన పిలకాయలకు మొదటి రోజు చెప్పేవాళ్లు లేరు.

దానికి బదులు పాఠంలో ఏముంటుంది? విమానం టిక్కెట్టు బుక్ చేసే ప్రోగ్రాం. క్రెడిట్ కార్డు బిల్లు కట్టే ప్రోగ్రాం. పిజ్జా ఆర్డరు తీసుకునే ప్రోగ్రాం. చదరంగం పలక మీద గుర్రాన్ని నడిపే ప్రోగ్రాం. విమానం ఎక్కినోడికి, చదరంగం ఆడినోడికి ఆ పాఠంలో నేర్వాల్సింది ఒక్కటే, ప్రోగ్రాం. మన బిడ్డ నేర్వాల్సింది రెండు. ముందు క్రెడిట్ కార్డు అంటే ఏమో తెలియాల, ఆ తర్వాత ప్రోగ్రాం తెలియాల. పక్క బెంచీ పిల్లోడు ఒక మూట మోస్తే మనోడు రెండు మూటలు మోస్తున్నాడు. గంట కొట్టేసరికి వాడు ముందుంటాడు, వీడు వెనకుంటాడు. ఈ ఎడాన్ని కొలిచి దానికి మెరిట్ అని పేరు పెడతారు!

పరాయి పేర్ల సంగతి ఇంకొకటి. ఇంగ్లీషు ప్రోగ్రాం పుస్తకాల్లో "ఫూ", "బార్" అని రెండు మాటలు పదే పదే వస్తాయి. అమెరికాలో వేళాకోళంగా పుట్టి పుస్తకాల్లోకి పాకిన మాటలవి. వాటికి అర్థం లేదు. కానీ అర్థం లేదని మన పిల్లోడికెట్ల తెలుస్తుంది? తనకే తెలియదనుకుంటాడు. డిక్షనరీ తిరగేస్తాడు. దొరకదు. నోరు మూసుకుంటాడు. అడగడానికి భయపడే పిల్లోడిని తరగతి నుంచి ఎవరూ మెడపట్టి గెంటనక్కర్లేదు. వాడంతట వాడే పోతాడు.

ఇంతవరకూ చెప్పింది మనల్ని వదిలేసిన ఉదాహరణల గురించి. మనల్ని తిట్టే ఉదాహరణలు కూడా ఉండాయి.

మన ప్రాంతంలోనే చేతులు మారుతున్న ఒక జిరాక్సు నోట్సులో షరతు పాఠానికి ఇచ్చిన ఉదాహరణ ఇది: కులం "ఎస్సీ" అయితే పాసు మార్కు 40, కాకుంటే 60. ఈ నాలుగు వరసలు ప్రోగ్రాం నేర్పుతున్నాయా, విషం నేర్పుతున్నాయా? అరవైమంది కూర్చున్న గదిలో ఆ వరసలు బోర్డు మీద పడగానే యాభై తలకాయలు ఎవరి వైపు తిరుగుతాయో మనకు తెలుసు. పైగా అది తప్పు కూడా. రిజర్వేషను దానం కాదు, దయ కాదు. 1951లో ఈ మద్రాసు రాష్ట్రం నుంచి పోయిన చంపకం దొరైరాజన్ కేసులో తీర్పు అడ్డమొస్తే, రాజ్యాంగాన్ని మొదటిసారి సవరించి 15(4) అధికరణం చేర్చుకోవాల్సి వచ్చింది. వేల ఏండ్ల అన్యాయానికి రాజ్యాంగం చెప్పిన జవాబు అది. దాన్ని రెండు అంకెల తేడాగా కుదించి పిల్లల ముందు పెట్టేవాడికి ప్రోగ్రాం తెలిస్తే తెలియొచ్చు, దేశం తెలియదు.

ఇంకోటి చూడండి. ప్రోగ్రాం భాషల్లో "ఇన్‌హెరిటెన్స్" అనే పాఠముంది, వారసత్వమని అర్థం. ఒక మూసలోని గుణాలు దాని కింది మూసకు రావడం. దీనికి మామూలుగా ఇచ్చే ఉదాహరణ "తండ్రి ఆస్తి కొడుక్కి వచ్చినట్టు" అని. సెంటు భూమి లేని ఇంటి బిడ్డకు ఈ పోలిక ఏం చెప్తుంది? ఆడబిడ్డకేం చెప్తుంది? మన రాష్ట్రంలో 1985 నుంచి హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా హక్కు వచ్చింది. 2005లో దేశమంతటా చట్టమయింది. చట్టం మారి ఇన్నేండ్లయినా పాఠం మాత్రం కొడుకు దగ్గరే ఆగిపోయింది. అదే పాఠాన్ని బండ్లతో చెప్పొచ్చు గదా. బండి అనేది మూస. చక్రాలుండడం, సరుకు మోయడం దాని గుణాలు. ఎద్దులబండి, ఆటో, లారీ ఆ గుణాలన్నీ తీసుకుంటాయి, ఒక్కోటి తన సొంత గుణం ఒకటి కలుపుకుంటుంది. పాఠం చెడిందా? చెడలేదు. ఇంకా తేటపడింది.

"మాస్టర్, స్లేవ్" అనే జంట కూడా కంప్యూటరు పుస్తకాల్లో దశాబ్దాలుగా ఉండింది. ఒక యంత్రం చెప్తే ఇంకో యంత్రం చేస్తుందని చెప్పడానికి దొర, బానిస అని పేర్లు పెట్టినారు. మనకైతే ఆ మాట వినగానే దొరా, జీతగాడూ కళ్ల ముందు నిలబడతారు. వెట్టిచాకిరీని రద్దు చేస్తూ 1976లో చట్టం వచ్చింది, వెట్టి మాటలు మాత్రం పాఠాల్లో మిగిలిపోయినాయి. 2018లో పైథాన్ భాషను నడిపేవాళ్లు తమ రాతల్లోంచి ఆ జంటను తీసేయడానికి పూనుకున్నారు. 2020 అక్టోబరు నుంచి గిట్‌హబ్‌లో కొత్త పనికి "మాస్టర్" బదులు "మెయిన్" అని పేరు పడుతోంది. అమెరికాలో నల్లవాళ్లు వీధుల్లోకొచ్చిన ఏడాది అది. వీధిలో పోరాటం జరిగితేనే పుస్తకంలో మాట మారింది. ఈ సంగతి మనం గుర్తుపెట్టుకోవాల.

"ఉదాహరణే గదా, దానికింత రాద్ధాంతమెందుకు?" అని అడిగేవాళ్లుంటారు. వాళ్లకు మూడు సంగతులు చెప్తాం.

మొదటిది. 1973లో అమెరికాలో ఒక విశ్వవిద్యాలయంలో కంప్యూటరుతో బొమ్మల్ని పరీక్షించడానికి ఒక ఫొటో కావాల్సి వచ్చింది. చేతికందిన ప్లేబాయ్ పత్రిక 1972 నవంబరు సంచికలోని మోడల్ ఫొటోను భుజాల దాకా కత్తిరించి వాడుకున్నారు. "లీనా" బొమ్మ అంటారు దాన్ని. మగవాళ్లు నిండిన గదిలో మగవాళ్లు ఎంచుకున్న ఉదాహరణ. అది ఏండ్ల తరబడి ప్రపంచమంతా పాఠాల్లో, పరిశోధనల్లో తిరిగింది. ఆ తరగతుల్లో కూర్చున్న ఆడపిల్లలు దాన్ని భరించినారు. ఐ.ట్రిపుల్.ఇ. కంప్యూటర్ సొసైటీ 2024 ఏప్రిల్ 1 నుంచి ఆ బొమ్మ ఉన్న వ్యాసాలు తీసుకోబోమని చెప్పింది. ఒక చిన్న ఎంపిక యాభై ఏండ్లు బతికింది.

రెండోది. యంత్రానికి నేర్పే విద్య, ఇప్పుడు ఏఐ అంటున్నది. దాన్ని మొదలుపెట్టేవాళ్లకు ఇచ్చే లెక్కల పట్టికల్లో అమెరికాలోని బోస్టన్ ఇండ్ల ధరల పట్టిక ఒకటి. 506 వరసలు. 1978 నాటి ఒక పరిశోధనలోనిది. అందులో "బి" అనే నిలువు వరస ఉంది. ఒక పేటలో నల్లవాళ్లు ఎంతమంది ఉన్నారో దాన్నిబట్టి ఇంటి ధరను అంచనా వేసే అంకె అది. ఎంతోమంది విద్యార్థులు ఆ అంకె ఏమిటని అడక్కుండానే ప్రోగ్రాం రాసి మార్కులు తెచ్చుకున్నారు. సైకిట్-లెర్న్ అనే ప్రసిద్ధ ఉచిత సాఫ్ట్‌వేరు వాళ్లు 2022 డిసెంబరులో ఆ పట్టికను పూర్తిగా తీసేసినారు. మన దేశంలో రేపు ఎవడో ఇట్లాంటి పట్టికే తయారుచేసి, దళితవాడకు ఎంత దగ్గరుంటే ఇంటి ధర అంత తగ్గుతుందని ఒక వరస పెట్టడని నమ్మకమేముంది? పాఠంలో దాన్ని మామూలనుకుని నేర్చినోడు, రేపు బ్యాంకులో అప్పు ఎవరికియ్యాల్నో తేల్చే ప్రోగ్రాంలోనూ దాన్ని మామూలుగానే రాస్తాడు. పాఠంలో ఉదాహరణగా ఉన్నది పనిలో పద్ధతిగా మారుతుంది. ప్రమాదం అక్కడుంది.

మూడోది. అదే విద్యలో ఇంకో పేరుపొందిన పట్టిక ఐరిస్ పూలది. 150 పూలు, మూడు జాతులు, రేకులకు నాలుగు కొలతలు. ఆ పువ్వు మన వాడ పిల్లలెవరూ చూసుండరు, అది వేరే సంగతి. దాన్ని రోనాల్డ్ ఫిషర్ 1936లో అచ్చేసిన పత్రిక పేరు "ఆనల్స్ ఆఫ్ యూజెనిక్స్". మనుషుల్లో మేలుజాతి, నాసిజాతి ఉన్నాయనీ, మేలుజాతినే పెంచాలనీ చెప్పిన వాదానికి పుట్టిన పత్రిక అది. సరిగ్గా అదే 1936లో బాబాసాహెబ్ అంబేడ్కర్ "కులనిర్మూలన" అచ్చేసినారు. మేలుజాతి నెత్తురును కాపాడ్డానికే కులం పుట్టిందనే వాదాన్ని అందులోనే చీల్చి చెండాడినారు. ఒకే ఏడాది రెండు రాతలు. ఒకటి ప్రతి కంప్యూటరు క్లాసులోకీ వచ్చింది. రెండోది ఏ కంప్యూటరు క్లాసులోకీ రాలేదు. పూల కొలతల్లో తప్పేమీ లేదు. కానీ ఆ పట్టిక ఎక్కడినుంచి వచ్చిందో ఒక్క వాక్యం చెప్పడం పంతులు బాధ్యత.

ఇప్పుడు మన భాష సంగతి. తెలుగు అక్షరాలకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికింది. అయినా పాఠాల్లో ఉదాహరణకు వచ్చే మాట ఎప్పుడూ "హలో" అనే ఇంగ్లీషు మాటే. మాటలో ఎన్ని అక్షరాలున్నాయో లెక్కపెట్టే ప్రోగ్రాం అడిగితే "హలో"కు 5 అని చెప్తుంది. ఇంగ్లీషులో రాస్తే అయిదే, లెక్క సరిపోయింది. మన మూడు ఊళ్ల పేర్లు తెలుగులో ఇచ్చి చూడండి. మన ఒకటో తరగతి పిల్లోడు వేళ్ల మీద లెక్కపెడితే మదనపల్లెకు 5, పుంగనూరుకు 4, కుప్పానికి 2. పైథాన్ ఏం చెప్తుందంటే మదనపల్లెకు 8, పుంగనూరుకు 8, కుప్పానికి 6. యంత్రం గుణింతపు గుర్తును, పొల్లును, సున్నాను విడివిడిగా లెక్కేస్తుంది. తప్పు పిల్లోడిది కాదు, యంత్రం లెక్కించే తీరు వేరు. ఇది చెప్పని పాఠం చదివినోడు తెలుగు పేరును సగంలో నరికేసే ప్రోగ్రాం రాస్తాడు. రేషను కార్డు మీద, ఓటరు జాబితాలో మన పేర్లు తప్పుగా పడితే నష్టపోయేది ఎవరు?

ఇది ఊహ కాదు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే ఒకే ఒక్క తెలుగు అక్షరం వచ్చిందంటే చాలు, ఆపిల్ ఐఫోన్లలో మెసేజి చదివే ప్రోగ్రాములు కుప్పకూలినాయి. ప్రపంచంలో పెద్ద కంపెనీ, లక్షల రూపాయల ఫోన్లు, ఒక్క తెలుగు అక్షరాన్ని మోయలేకపోయినాయి. కొద్దిరోజుల్లోనే సరిచేసినారు, నిజమే. కానీ "జ్ఞా" అంటే జ్ఞానంలోని మొదటి అక్షరం. మన జ్ఞానాన్ని ముందుగా పరీక్షించి చూడాలని ఆ గదిలో ఎవరికీ తోచలేదు. ఉదాహరణలన్నీ ఒకే భాషవైతే యంత్రం కూడా ఒకే భాషవాళ్లదవుతుంది. కుప్పం మండలంలో తెలుగు, తమిళం, కన్నడం మూడూ కలిసే బతుకుతాయి. ద్రావిడ భాషల కోసం 1997లో పెట్టిన విశ్వవిద్యాలయం ఆ ఊళ్లోనే ఉంది. ఈ లెక్క నేర్పడానికి అంతకంటే మంచి చోటు యాడుంది?

మన దగ్గర మంచి జరగలేదా అంటే జరిగింది. 2002లో హెచ్.పి. కంపెనీ, ప్రభుత్వం కలిసి కుప్పంలో ఐ-కమ్యూనిటీ అనే పని మొదలుపెట్టినాయి. అందులో పొదుపు సంఘాల ఆడవాళ్లకు డిజిటల్ కెమెరా, ఎండతో నడిచే చిన్న ప్రింటరు ఇచ్చి ఫొటోలు తీయడం నేర్పినారు. కార్డులకు ఫొటోలు తీసి ఆ ఆడవాళ్లు నాలుగు రూపాయలు సంపాదించుకున్నారు. కంపెనీ తన వ్యాపారం కోసమే వచ్చింది, ఆ సంగతి మనకు తెలుసు. అయినా ఒక్కటి గమనించాల. కంప్యూటరు అంటే ఏమిటని వాళ్లకు ఉపన్యాసం చెప్పలేదు. చేతిలో పనిచ్చి, ఆ పనిలోనుంచి యంత్రాన్ని పరిచయం చేసినారు. ఉదాహరణ వాళ్ల బతుకులోంచి వచ్చింది, అందుకే చేతికి అబ్బింది.

మదనపల్లె పక్కన రిషి వ్యాలీ ఉంది. ఫీజులు కట్టగలిగినోళ్ల బడి అది. కానీ చుట్టుపక్కల పల్లెల్లో ఒకే పంతులున్న బడుల కోసం పద్మనాభరావు, రమ దంపతులు అక్కడినుంచే వేరే పద్ధతి తయారుచేసినారు. పాఠ్యపుస్తకం పక్కనబెట్టి, పాఠాన్ని చిన్న చిన్న కార్డులు చేసి, ఊరి మాటలు, ఊరి పాటలు అందులో పెట్టినారు. పిల్లోడు తన వేగంతో మెట్టు మెట్టుగా ఎక్కొచ్చు. దాన్ని చూసి తమిళనాడు 2003లో చెన్నై కార్పొరేషను బడుల్లో, 2007కల్లా రాష్ట్రమంతటా ఆ దారి పట్టింది. అక్షరాలకు, లెక్కలకు ఇట్ల చేయగలిగినప్పుడు ప్రోగ్రాం పాఠానికి ఎందుకు చేయలేం?

ఇక్కడే ఒక హెచ్చరిక. "ఊరి ఉదాహరణ" అనగానే చెప్పుల ఉదాహరణ మాదిగోడికి, కుండల ఉదాహరణ కుమ్మరోడికి, బట్టల మూట చాకలోడికి పంచేవాళ్లు తయారవుతారు. జాగ్రత్త! 1953లో, మన చిత్తూరు జిల్లా ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉండగానే, రాజాజీ ప్రభుత్వం పల్లె బడుల్లో ఒక పథకం పెట్టింది. పిల్లలకు సగం పూటే బడి, మిగతా పూట ఇంటి వృత్తి. కులవృత్తి చదువని జనం దానికి పేరు పెట్టి, తిరగబడి, మరుసటి ఏడాదికే దాన్ని రద్దు చేయించినారు. ఆ చదువే ఉదాహరణల వేషంలో వెనక్కి రాకూడదు. మన బిడ్డకు తెలిసిన లోకం నుంచి పాఠం మొదలుకావాల, నిజమే. కానీ ఆ లోకంలోనే వాడిని కట్టేయడానికి కాదు. మాదిగ పిల్ల డప్పు గురించే ప్రోగ్రాం రాయనక్కర్లేదు. చందమామ గురించి రాయొచ్చు, రైలు గురించి రాయొచ్చు. ఉదాహరణలో కలెక్టరు పేరు, డాక్టరు పేరు, లెక్కల పంతులు పేరు మన వాడ పేరై ఉండొచ్చు.

మరి మంచి ఉదాహరణ ఎట్లుంటుంది? చెప్పి ఊరుకోకుండా రెండు చేసి చూపిస్తాం.

మదనపల్లె టమాటా మార్కెట్టు దేశమంతా తెలిసిందే. గుత్తకు చేసే ఒక రైతు 40 పెట్టెలు తెచ్చిందనుకుందాం. కమీషను నూటికి 10, బండి బాడుగ 1,200, దించే కూలి 200, కోత కూలి ఎనిమిది మందికి 300 లెక్కన 2,400 అనుకుందాం. పెట్టె 350 పలికితే వచ్చేది 14,000. కమీషను 1,400, ఖర్చులు 3,800 పోగా మిగిలేది 8,800. పెట్టె 110 అయితే మిగిలేది 160. పెట్టె 100 అయితే చేతినుంచి 200 పడతాయి. ఇప్పుడు ప్రోగ్రాంకు షరతు చెప్పండి: మిగిలేది సున్నా కంటే ఎక్కువైతే కోయమను, కాకుంటే ఆగమను. టమాటాను రోడ్డు పక్కన ఎందుకు పారబోస్తారో ఆ నాలుగు వరసల్లో తెలుస్తుంది. గుత్త డబ్బు ఈ లెక్కలో ఇంకా కలపనేలేదని ఎవరో ఒక పిల్ల లేచి చెప్తుంది. ఆ పిల్ల ప్రోగ్రాం నేర్చేసినట్టే!

లూపుకు వడ్డీ లెక్క తీసుకోండి. పదివేలు అప్పు, నెలకు నూటికి మూడు, వడ్డీ మీద వడ్డీ. లూపును పన్నెండుసార్లు తిప్పండి. ఏడాదికి 14,258 రూపాయలు అవుతుంది. మామూలు వడ్డీ అయితే 13,600. ఆ 658 రూపాయల తేడా ఎక్కడినుంచి వచ్చిందో వడ్డీ వ్యాపారి చెప్పడు, లూపు చెప్తుంది.

ఇంకా కావాలా? దారి వెతికే పాఠానికి మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం పోయే బస్సులు ఉండాయి. పుంగనూరుకు రైలు లేదు, కుప్పానికి ఉంది. అది కూడా లెక్కలోకొస్తుంది. క్యూ పాఠానికి బోరింగు కాడ బిందెల వరస ఉంది. ముందొచ్చిన బిందె ముందు నిండాల, ఇదే ప్రోగ్రాంలో క్యూ నియమం. ఊళ్లో ఆ నియమం ఎవరి బిందె కాడ తప్పుతుందో పిల్లలకు చెప్పనక్కర్లేదు. 1927 మార్చి 20న మహద్ చెరువులో బాబాసాహెబ్ దోసిలి ఎందుకు ముంచినారో ఆ క్లాసులోనే చెప్పొచ్చు.

పాఠం రాసేవాళ్లకు మా మాటలివి.

ఒకటి. ఉదాహరణలో వచ్చే వస్తువు వాడలో అందరికన్నా పేద ఇంటి బిడ్డకు తెలిసిందేనా అని ముందు అడుగు. తెలియకుంటే రెండు వాక్యాల్లో విప్పి చెప్పు, లేదా మార్చు.

రెండు. కులం, మతం, రంగు, అవిటితనం, ఇవి షరతు పాఠానికి సరుకు కాదు. మన మీద జరిగిన దాడుల లెక్కలు కూడా మొదటి పాఠంలో ఆట అంకెలు కావు. వాటి గురించి మాట్లాడాల్సినప్పుడు పేరు పెట్టి, చరిత్ర చెప్పి, తలెత్తుకుని మాట్లాడాల.

మూడు. పేర్ల విషయం. మొదటి పేరు, ఇంటిపేరు రెండూ తప్పనిసరి అని ప్రోగ్రాం రాయించొద్దు. ఇంటిపేరుతో కులం పట్టేసే దేశం మనది. ఒక్క పేరే ఉండేవాళ్లున్నారు, ఒక్క అక్షరం ఇనిషియలు పెట్టుకునేవాళ్లున్నారు. ఉదాహరణల్లో అన్ని రకాల పేర్లూ రానీ. ఆడవాళ్లు లెక్కలు చేయనీ, మగవాళ్లు వంట చేయనీ.

నాలుగు. ఎరుపైతే తప్పు, పచ్చయితే ఒప్పు అని రంగు మీదే పాఠం నడపొద్దు. ఆ రెండు రంగులూ ఒకటిగా కనిపించేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. మాట కూడా రాయి. ప్రోగ్రాంను ఫొటో తీసి పంపితే చూపులేని పిల్లకు అది తెల్లకాయితమే. అక్షరాలుగా పంపితే, ఆస్ట్రేలియాలో చూపులేని ఒక యువకుడు 2006లో మొదలుపెట్టిన ఎన్.వి.డి.ఎ. అనే ఉచిత ప్రోగ్రాం దాన్ని చదివి వినిపిస్తుంది.

ఐదు. కంప్యూటరు లేని బిడ్డకూ పాఠం అందాల. న్యూజిలాండులో 1990లలోనే టిమ్ బెల్, ఆయన సహచరులు కంప్యూటరు లేకుండా కార్డులతో, ఆటలతో ఈ విద్య నేర్పే దారి చూపినారు. మన వీధి అరుగు మీద సుద్దముక్కతో ఆ పని చేయొచ్చు.

"ఉద్యోగానికి పోతే అక్కడ బ్యాంకు, విమానమే వస్తాయి గదా, మీ టమాటాలు అక్కడ పనికొస్తాయా?" అని అడుగుతారు. పనికొస్తాయి. షరతు టమాటాతో నేర్చినా షరతే, విమానంతో నేర్చినా షరతే. మొదటి మెట్టు మన గడపకాడ ఉండాలంటున్నాం. పదో మెట్టు ఎంత ఎత్తులో ఉన్నా మా పిల్లలు ఎక్కుతారు. పై మెట్ల మీద విమానమూ పెట్టండి, క్రెడిట్ కార్డూ పెట్టండి, వాటిని విప్పి చెప్పండి. మొదటి మెట్టే గాలిలో పెట్టి ఎక్కలేదని మమ్మల్ని తిట్టొద్దు.

మిత్రులారా! కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత మనకొక సంగతి తెలిసొచ్చింది. మన మీద దాడిని పెద్ద పత్రికలు తమ మాటల్లో రాస్తే ఆ మాటల్లో మనం ఉండం. అందుకే కరపత్రం మనమే రాసినాం, పాట మనమే కట్టినాం, పత్రిక మనమే పెట్టినాం. ఇప్పుడు పాఠం వంతు వచ్చింది. ఎవరో రాసి పెడతారని ఎదురుచూస్తే ఇంకో తరం వెనక బెంచీలోనే కూర్చుంటుంది.

ప్రతి వాడలో ఇంజినీరింగు, డిప్లమా, డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉండారు. ఒక్కొక్కరు పది ఉదాహరణలు రాయండి. తెలుగులో రాయండి, మన మాటల్లో రాయండి. రాసినాక అంబేడ్కర్ సంఘం కాడ చదివి వినిపించండి. బడికి పోని అవ్వకు ఆ లెక్క అర్థమైతే ఉదాహరణ బాగున్నట్టు. వింటున్నవాళ్లలో ఒక్కరైనా తల దించుకుంటే దాన్ని చింపేసి ఇంకోటి రాయండి. బాగున్నవి మాకు పంపండి, వచ్చే సంచికలనుంచి అచ్చేస్తాం. సంఘటిత కార్యకర్తలు తమ ఊరి బడిలో, హాస్టల్లో వాడే కంప్యూటరు నోట్సు తెప్పించుకుని ఒకసారి చదవండి. కులాన్ని షరతుగా పెట్టిన వరస కనబడితే హెడ్‌మాస్టరుకు, వార్డెనుకు రాతపూర్వకంగా ఇచ్చి తీయించండి.

చదువుకోమన్నాడు బాబాసాహెబ్. చదువుకుంటున్నాం. ఇంగ, చదువును మనమే రాయాల.

జై భీమ్!